నూరవ వంతు

మూల వాక్యభాగము: నెహెమ్యా 5:1–13



నెహెమ్యా యెరూషలేము ప్రాకారమును కట్టించిన సంగతి మనకందరికి తెలిసినదే. ఆ పని 52 దినములలో ముగిసెనని ఆరవ అధ్యాయములో చదువుచున్నాము. సన్బల్లటును టోబీయాయును బయటనుండి ఎగతాళి చేసిరి, బెదరించిరి. జనులు ఒక చేత పనియు ఒక చేత ఆయుధమును పట్టుకొని గోడ లేపిరి. అయితే నాలుగవ అధ్యాయమునకును ఆరవ అధ్యాయమునకును నడుమ గోడ మాట ఆగిపోయి, ఒక ఏడ్పు వినబడుచున్నది. అది శత్రువుల కత్తికి భయపడి ఏడ్చిన ఏడ్పు కాదు. అప్పు తీర్చలేక ఏడ్చిన ఏడ్పు. మగవారితో పాటు వారి భార్యలును ఆ ఏడ్పులో కలిసిరని వాక్యము చెప్పుచున్నది.

వారి కష్టమేమి? కరవు వచ్చినది. తిండిగింజల కొరకు పొలములు, ద్రాక్షతోటలు, ఇండ్లు కుదువ పెట్టిరి. రాజుగారి పన్ను కట్టుటకు అప్పు తెచ్చిరి. చివరకు కన్నబిడ్డలే దాస్యములోనికి పోయిరి. వీరు త్రాగుబోతులని గాని జూదగాండ్రని గాని వాక్యము చెప్పలేదు. పిల్లలు గలవారు, పన్ను కట్టువారు, దేవుని పట్టణపు గోడకు రాళ్లు మోయుచున్నవారు. అప్పు ఇట్టివారి ఇంటికి కూడ వచ్చును.

పదునొకండవ వచనములో నూరవ వంతు అను మాట కలదు. అది నెలకు నూటికి ఒకటి చొప్పున తీసికొనిన వడ్డీ అని వ్యాఖ్యానకర్తలలో అనేకులు చెప్పుదురు. మన ఊరి లెక్కలో చెప్పవలెనన్న అది రూపాయి వడ్డీ. మన పెద్దలలో అనేకులు దానిని ధర్మవడ్డీ అందురు. ఆకలితోనున్న సహోదరునియొద్ద ఆ రూపాయి వడ్డీ తీసికొనినందుకే నెహెమ్యా మిగుల కోపపడి, జనులనందరిని సమకూర్చి, ప్రధానులను నిలువదీసెను. ఈ దినములలో మన ఇండ్లలోనికి జేబులో పట్టునంత చిన్న ముక్క రూపములో మూడు రూపాయల వడ్డీ, మూడున్నర రూపాయల వడ్డీ వచ్చి కూర్చున్నది. దాని పేరు క్రెడిట్ కార్డు. పైగా ఆ వడ్డీ ఒక్కొక్కప్పుడు మనమెరుగకుండగనే పెరుగుచున్నది. ఈ నెల ఆ సంగతిని వాక్యపు వెలుగులో ధ్యానింతము.

ఒక ఇంటి సంగతి

మన పాస్టరేటులో ఒక తాపీమేస్త్రి కలడు. అతని సమ్మతితోనే ఇది వ్రాయుచున్నాను. పేరును ఊరును చెప్పను. తల్లికి ఆపరేషను వచ్చినప్పుడు చేతిలో డబ్బు లేక, అంతకు ముందు ఎవరో వచ్చి ఉచితమని ఇచ్చిన కార్డుతో ఆసుపత్రిలో నలువది వేలు కట్టెను. తల్లి బ్రదికినది, దేవునికి స్తోత్రము. ప్రతి నెల మినిమమ్ అని ఫోనులో చూపిన సొమ్ము తప్పక కట్టుచు వచ్చెను. వానల నెలలో పనులు లేక ఒక వాయిదా ఆలస్యమాయెను. కొన్నాళ్లకు బ్యాంకునుండి ఇంగ్లీషులో ఒక మెసేజీ వచ్చినది. అమ్మకపు మెసేజీల నడుమ అది కలిసిపోయినది. వడ్డీ పెరుగునని చెప్పిన మెసేజీ అదియే.

ఒక సాయంకాలము అతడు ఫోను పట్టుకొని వచ్చి, “అయ్యగారూ, నెల నెలా రెండు వేలు కడుతూనే ఉన్నాను. బాకీ మాత్రం కదలటం లేదు. ఇదేమిటో చూడండి” అనెను. ఇంట్లో చెప్పితివా అని అడుగగా తల వంచుకొనెను. భార్యకు ఆ కార్డు సంగతే తెలియదు.

ఇట్టివారు మన సంఘములలో ఇతడొక్కడే కాదు. వారికొరకు నెహెమ్యా చేసిన పని నాలుగు మెట్లుగా కనబడుచున్నది.

1. మొఱ్ఱ బయటికి వచ్చెను

ఆ జనులు తమ అప్పును దాచుకొనలేదు. ఏమి కుదువ పెట్టిరో, ఎందుకు తెచ్చిరో, ఇంట్లో ఎంతమంది ఉన్నారో విప్పి చెప్పిరి. చెప్పినందుననే నెహెమ్యా వినెను. రెండవ రాజుల గ్రంథము నాలుగవ అధ్యాయములోని విధవరాలిని చూడుడి. ఆమె భర్త దేవుని భయము గలవాడు, అయినను అప్పుతో చనిపోయెను. అప్పులవాడు ఇద్దరు పిల్లలను కొనిపోవుటకు వచ్చియున్నాడు. ఆమె చేసిన మొదటి పని ప్రవక్తయొద్దకు పోయి చెప్పుట. ఇరుగు పొరుగు ఇండ్లలో పాత్రలు అడుగుట రెండవది. నూనె తరువాత వచ్చినది.

మన ఊళ్లలో పొలముమీద అప్పును, పెండ్లి అప్పును పదిమందిలో చెప్పుకొందుము గాని కార్డు అప్పును చెప్పము. నోటు వ్రాయలేదు, సాక్షి సంతకము లేదు, ఎవరును చూడలేదు గనుక అది అప్పే కాదన్నట్లు మనస్సు మోసపుచ్చును. దాచిన అప్పు చీకటిలో పెరుగును. భర్తలారా, భార్యతో చెప్పుడి. పట్టణములలో పని చేయు పిల్లలారా, ఊరిలోనున్న తలిదండ్రులతో చెప్పుడి. తలిదండ్రులారా, బిడ్డ చెప్పినప్పుడు మొదటి మాట తిట్టు కాకుండునట్లు నోటిని కాచుకొనుడి. ఆ ఒక్క తిట్టుకు భయపడియే అనేకులు ఒక అప్పు తీర్చుటకు ఇంకొక అప్పు తెచ్చుచున్నారు.

2. నెహెమ్యా తనలో తాను ఆలోచించెను

ఏడవ వచనము శ్రద్ధగా చదువుడి. కోపము వచ్చినది, అయితే కోపములో లేచి పోలేదు. ముందు తనలో తాను ఆలోచన చేసికొనెను. గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్కచూచుకొనునని మన ప్రభువు కూడ లూకా పదునాలుగవ అధ్యాయములో బోధించెను. కాబట్టి మనమును కూర్చుండి లెక్క చూతము.

బ్యాంకు కాగితములో నెలకు 3 శాతము అని ఉండును. ఇంగ్లీషు రానివారికి అది అర్థము కాదు గాని మూడు రూపాయల వడ్డీ అన్నచో ఊరిలోని ముసలమ్మకు కూడ అర్థమగును. ఆ మేస్త్రి బాకీ 40,000 రూపాయలు. మూడు రూపాయల చొప్పున నెలకు వడ్డీ 1,200. ఆ వడ్డీమీద జి.ఎస్.టి. నూటికి 18 చొప్పున 216. రెండును కలిసి 1,416. అతడు కట్టిన 2,000 లో అసలుకు చేరినది 584 మాత్రమే.

తరువాత వడ్డీ మూడు రూపాయల డెబ్బది అయిదు పైసలాయెను. పెరిగినది ముప్పావలాయే కదా అనుకొందుము. లెక్క చూడుడి: వడ్డీ 1,500, పన్ను 270, మొత్తము 1,770. అదే రెండు వేలు కట్టినచో అసలుకు చేరునది 230 రూపాయలు. బ్యాంకు దినముల లెక్కన వడ్డీ కట్టును గనుక కొంచెము అటు ఇటు అగును గాని సంగతి ఇదియే. ముప్పావలా పెరిగినందున అసలుకు చేరు సొమ్ము సగముకంటె తక్కువాయెను. ఏడాదికి అది నూటికి నలువది అయిదు రూపాయలు. బాకీ కదలడము లేదని అతడనిన మాట నిజమే.

మరి రెండు సంగతులు తెలిసికొనవలెను. కొన్నదంతయు గడువులోగా పూర్తిగా కట్టినవానికి కార్డు మీద వడ్డీ లేదు. కొంత నిలిపినచో నిలిచిన బాకీకి కొన్న దినమునుండి వడ్డీ పడును. ఆ పాత బాకీ తీరువరకు క్రొత్తగా కొన్నవాటికి కూడ గడువు దొరకదు. కార్డుతో ఏ.టి.ఎమ్.లో నగదు తీసినచో ఆ దినమునుండే వడ్డీయు, దానిపైన వేరుగా రుసుమును ఉండును. కనుక మినిమమ్ అనునది అప్పు తీర్చుటకు చూపిన దారి కాదు. వాయిదా తప్పలేదనిపించుకొనుటకు చాలినంత సొమ్ము అది. అప్పు మాత్రము మనతోనే ఉండును.

ఇక తీరు మార్గము చూతము. కార్డు వాడుక పూర్తిగా ఆపి, ఆ హెచ్చు వడ్డీకే నెలకు 5,000 చొప్పున కట్టగలిగినచో ఆ నలువది వేలు పదకొండవ నెలలో తీరిపోవును. అంత కట్టలేనివాడు తక్కువ వడ్డీ అప్పు తెచ్చి కార్డు అప్పు తీర్చవచ్చును. పొదుపు సంఘములోని ఋణమును, బ్యాంకులో బంగారము మీద ఋణమును సాధారణముగా రూపాయి వడ్డీకి అటు ఇటుగా దొరకును. రూపాయి వడ్డీకైతే ఆ రెండు వేలతోనే రెండేండ్లలోగా బాకీ తీరును. అయితే కార్డు మూయకుండ ఈ పని చేసినవానికి ఏడాది తిరుగకముందే రెండు అప్పులు ఉండును. ఆ మేస్త్రి భార్య కొంతసేపు ఏడ్చి, కన్నీరు తుడుచుకొని, తన పొదుపు సంఘములో అడిగి ఋణము తెచ్చినది. కార్డు బాకీ కట్టి, దానిని మూసివేసి, ముక్కలు చేసిరి. ఇప్పుడు వాయిదా పుస్తకము ఆమె చేతిలోనే ఉన్నది.

3. ఎదుట నిలిచి మాటలాడెను

నెహెమ్యా ప్రధానులయెదుటను అధికారులయెదుటను మాటలాడెను. ధర్మశాస్త్రము అతని పక్షమున ఉండెను. బీదవానియొద్ద వడ్డీ తీయవద్దని నిర్గమకాండము 22, లేవీయకాండము 25 అధ్యాయములలో దేవుడు నియమించెను. తిరుగటిరాయిని తాకట్టు పట్టరాదనియు, అప్పిచ్చినవాడు తాకట్టు కొరకు ఇంటిలోనికి చొరబడక బయటనే నిలువవలెననియు ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములో ఉన్నది. అప్పుపడినవానికి కూడ ఒక గడప ఉన్నది, ఆ గడపకు గౌరవమున్నది అని దేవుని తలంపు.

మన దేశపు నియమములలో కూడ అప్పుపడినవానికి కొంత అండ కలదు. తెలిసికొని వాడుకొనుట పాపము కాదు. కార్డు ఛార్జీలు మార్చునప్పుడు కనీసము ఒక నెల ముందుగా తెలుపవలెననియు, వెనుకటి దినములకు ఆ మార్పును వర్తింపజేయరాదనియు, మార్పు నచ్చనివాడు బాకీ కట్టివేసి అదనపు రుసుము లేకుండ కార్డు మూసివేసికొనవచ్చుననియు రిజర్వు బ్యాంకు 2022లో నియమము చేసెను. బాకీ లేనివాడు మూయుమని అడిగినచో ఏడు పనిదినములలో మూయవలెను. ఆలస్యమైనచో దినమునకు 500 రూపాయల చొప్పున బ్యాంకే అతనికి చెల్లింపవలెను. వడ్డీ మారినదని తెలిసిన వెంటనే, ఏ తేదీనుండి మారెను, ఎందుకు మారెను, ముందుగా ఎట్లు తెలిపిరి అని వ్రాతమూలముగా అడుగుడి. బాకీని వాయిదాలుగా మార్చి వడ్డీ తగ్గింతురా అని కూడ అడుగుడి. ఫిర్యాదు సంఖ్య వ్రాసికొనుడి. ముప్పది దినములలో జవాబు రాకున్నను, వచ్చిన జవాబు న్యాయముగా లేకున్నను, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకుండ ఫిర్యాదు చేయవచ్చును. 14448 అను సంఖ్యకు ఫోను చేసినచో దారి చెప్పుదురు.

వసూలుకు వచ్చువారు ఉదయము ఎనిమిది గంటలకు ముందుగాని రాత్రి ఏడు గంటల తరువాతగాని ఫోను చేయరాదనియు, బెదరించుట, బంధువులలో అవమానపరచుట కూడదనియు 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఆజ్ఞాపించెను. అట్టివారు వచ్చినచో ఒంటరిగా నిలువకుడి. ఊరి పెద్దను, సంఘ పెద్దను పిలుచుకొనుడి.

అయితే చట్టమే వడ్డీని ఆపునని కూర్చుండకుడి. నూటికి ఏడాదికి ముప్పది దాటిన కార్డు వడ్డీ అన్యాయపు వ్యాపారమని జాతీయ వినియోగదారుల కమిషను 2008లో తీర్పు చెప్పెను. వడ్డీ సంగతి రిజర్వు బ్యాంకు చూచుకొనవలసినదని సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న ఆ తీర్పును కొట్టివేసెను. కనుక మన ఇంటి గోడను మనమే కాచుకొనవలెను.

4. మహా సమాజమును కూర్చెను

నెహెమ్యా ఒక్కొక్క ఇంటికి పోయి, నీ అప్పు నీవే చూచుకొనుమని చెప్పలేదు. అందరిని ఒకచోట చేర్చెను. ఒకని పొలము పోయినచో గోడ అంతయు బలహీనమగునని అతడెరుగును. పదియవ వచనములో ఇంకొక సంగతి ఉన్నది. తానును తన బంధువులును సేవకులును కూడ అప్పిచ్చుచున్నామని ఒప్పుకొని, ఈ వడ్డీ మానివేయుదము రండి అని తనను కూడ కలుపుకొని పలికెను.

ఇక్కడ సంఘములోని అప్పిచ్చువారితో ఒక మాట. కార్డు వడ్డీని గూర్చి ఇంత చెప్పి, మన బల్లయొద్ద రొట్టె విరుచువారిలోనే మూడు రూపాయలకు, అయిదు రూపాయలకు తిప్పువారున్నారని చెప్పకుండుట న్యాయము కాదు. వడ్డీకియ్యక పోవుట దేవుని గుడారములో అతిథిగా ఉండదగినవాని గురుతులలో ఒకటని పదునైదవ కీర్తన చూపుచున్నది. జబ్బుపడిన ఇంటికి ఇచ్చిన సొమ్ము మీద వడ్డీ విడిచిపెట్టుడి. బీదలకు ఇచ్చినవానికి యెహోవాయే ఋణస్థుడగునని సామెతలు పందొమ్మిదవ అధ్యాయము చెప్పుచున్నది. ఆ ఋణస్థుడు వాయిదా తప్పడు.

మిగిలినవారమేమి చేయగలము? ప్రతి సంఘములో చదువుకొన్న యౌవనస్థులున్నారు. ఆదివారము ఆరాధన తరువాత అరగంట కూర్చుండి, పెద్దవారి ఫోనులలో వచ్చిన బ్యాంకు మెసేజీలను తెలుగులో చదివి వినిపించుట గొప్ప పరిచర్య. చదివినది పెదవి దాటకుండ దాచుట అంతకంటె గొప్ప పరిచర్య. ఆ మేస్త్రితో మన పెద్దలలో ఒకరు రోజుకూలి విడిచి పట్టణపు బ్యాంకువరకు వెళ్లిరి. వారు అక్కడ ఎక్కువ మాటలాడలేదు; ప్రక్కన కూర్చున్నారు. అతనికి అదే ధైర్యమాయెను. స్త్రీల సమాజమువారు చిన్న చిన్న పొదుపులతో ఆసుపత్రి అవసరములకు ఒక నిధి ఉంచినచో కార్డు తీయవలసిన దినములు కొన్ని తప్పును. మరియు నీ కార్డు మీద స్నేహితునికి ఫోను కొనిపెట్టకుము. ఇంకొకనికి పూటపడినవాని క్రిందనుండి పరుపు కూడ తీసికొనిపోవుదురని సామెతలు 22వ అధ్యాయములో హెచ్చరిక ఉన్నది. కార్డు మీద ఉన్నది నీ పేరు, అప్పు నీదే.

సిలువయు ఋణపత్రమును

ప్రియులారా, అప్పు తీర్చుట క్రైస్తవుని ధర్మము. పుచ్చుకొని తిరిగి ఇయ్యనివాడు భక్తిహీనుడని ముప్పది యేడవ కీర్తన చెప్పుచున్నది. ప్రేమ తప్ప మరేదియు బాకీ ఉండకూడదని పౌలు రోమా సంఘమునకు వ్రాసెను. కాబట్టి వడ్డీ అన్యాయమని అసలు ఎగవేయవద్దు. అయితే అప్పు ప్రాణముకంటె పెద్దది కాదు. 2010లో మన తెలుగునాట సూక్ష్మఋణముల వసూళ్ల ఒత్తిడికి తాళలేక కొందరు ప్రాణములు తీసికొనిరి. ఆ యేడే అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆ వసూళ్లను కట్టడి చేయుటకు చట్టము తెచ్చెను. ఆ ఇండ్ల కన్నీరు మనము మరువరాదు. ఎవనికైన అట్టి తలంపు వచ్చినచో ఆ రాత్రియే పాస్టరు తలుపు తట్టవలెను, పొరుగువాని తలుపు తట్టవలెను. ఏ గంటయైనను సరే, తలుపు తీయబడును.

మనకు విరోధముగా నున్న ఋణపత్రమును క్రీస్తు సిలువకు మేకులతో కొట్టి తీసివేసెనని కొలొస్సయులకు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయములో ఉన్నది. అది మన పాపపు పత్రము. బ్యాంకు కాగితము ఇంకను మిగిలియుండవచ్చును. దానిని కష్టపడి తీర్చుదుము. అయితే ఆ కాగితము మన పేరు కాదు, మన వెల కాదు. ఏ వడ్డీయు పెంచలేని, ఏ బ్యాంకును మార్చలేని వెల మన కొరకు ముందే చెల్లింపబడియున్నది. ఆ ధైర్యముతో తల ఎత్తుకొని, ఈ వారమే ఇంటిల్లిపాది కూర్చుండి, అప్పులన్నియు ఒక కాగితము మీద వ్రాయుడి. పెద్ద వడ్డీ దానిని మొదట వ్రాయుడి. మొదట దానినే తీర్చుడి. వ్రాసిన కాగితము బైబిలులో పెట్టి, దాని మీద చేయి ఉంచి కలిసి ప్రార్థింపుడి.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, నెహెమ్యా దినములలో నీ ప్రజల మొఱ్ఱ వినిన దేవా, మా ఇండ్లలో దాచబడిన భారములను నీవెరుగుదువు. చెప్పుకొనుటకు మాకు నోరును, వినుటకు మాకు చెవియు, లెక్క చూచుటకు బుద్ధియు దయచేయుము. కష్టపడు చేతులకు పని ఇమ్ము. అప్పిచ్చువారి హృదయములలో నీ భయము పుట్టించుము. తీర్చుటకు బలమును, తృప్తితో జీవించుటకు కృపయు అనుగ్రహించుము. మా ఋణము తీర్చిన యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.